దత్తత బిడ్డ కోసం ఎదురుచూపు – ఆలస్యం ఎందుకు? ఎలా ఓర్చుకోవాలి?



ఈ సంచికలో దత్తత గురించి, ముఖ్యంగా విదేశాలలో ఉన్నవారు మన దేశపు బిడ్డను దత్తత తీసుకోవడానికి పట్టే కాలం గురించి నాలుగు మాటలు వ్రాస్తున్నాము. హొళగుందకు, ఎమ్మిగనూరుకు ఈ విషయం ఎందుకని కొందరు అనుకోవచ్చు. ఒకప్పుడు మనవారికి సుగ్గికి గుంటూరు పోవడమే దూర ప్రయాణం. ఇప్పుడు మన సంఘాల బిడ్డలు నర్సులై గల్ఫ్‌కు, ఇంగ్లండుకు, కంప్యూటరు పని మీద అమెరికాకు పోయి స్థిరపడ్డారు. వారిలో సంతానం లేనివారూ ఉన్నారు. అటువంటి వారి తల్లో, అత్తో మా కాన్పు వార్డుకు వచ్చి మెల్లగా అడుగుతుంటారు: "సిస్టరమ్మా, ఎవురన్నా బిడ్డ వద్దనేవాళ్లుంటే మాకొక మాట చెప్పండి. ఖర్చు ఎంతైనా పెట్టుకుంటాం."

ఇంకో రకం వారు సరైన దారిలోనే దరఖాస్తు పెట్టి రెండేళ్లు, మూడేళ్లుగా ఎదురు చూస్తున్నారు. నిద్ర పట్టక, బి.పి. పెరిగి ఓ.పి.కి వచ్చే ఇటువంటి వారిని, వారి పెద్దవారిని మేము చూస్తున్నాము.

ఈ ఇద్దరికీ మేము చెప్పేది ఒకటే. ఈ ఆలస్యం మూడు రకాలు. కొంత ఆలస్యం బిడ్డకు కావలి, దాన్ని ఓర్చుకోవాలి. కొంత మన కాగితాల లోపం, దాన్ని సరిచేసుకోవాలి. కొంత కార్యాలయాలలో జరిగే జాప్యం. దాన్ని మర్యాదగా, వ్రాతపూర్వకంగా అడగాలి. అడ్డదారి మాత్రం ఈ మూడింటిలో దేనికీ మందు కాదు.

కావలి ఎందుకు పెట్టారు?

మోషే కథ మనందరికీ తెలుసు. తల్లి బిడ్డను పెట్టెలో ఉంచి నదిలో విడిచినప్పుడు అక్క గట్టున నిలబడి, ఆ బిడ్డ ఎవరి చేతికి పోతాడో చూసింది. ఫరో కుమార్తె తీసుకున్న తరువాతే కదిలింది. దత్తత చట్టం చేసే పని కూడా అదే. బిడ్డ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోతున్నాడో గట్టున నిలబడి చూడడం.

మన దేశంలో ఆ కావలి మొదటినుంచీ లేదు. విదేశీ దత్తతల పేరుతో పిల్లలకు జరుగుతున్న అన్యాయం గురించి లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది సుప్రీంకోర్టుకు ఉత్తరం వ్రాశారు. దాన్నే పిటిషనుగా తీసుకొని 1984 ఫిబ్రవరిలో జస్టిస్ పి.ఎన్. భగవతి గారు విదేశీ దత్తతలకు నియమాలు ఏర్పరచారు. 1990లో కేంద్రంలో 'కారా' అనే దత్తత సంస్థ ఏర్పడింది. దేశాల మధ్య దత్తతల కోసం 1993లో హేగ్ నగరంలో కుదిరిన ఒప్పందాన్ని భారతదేశం 2003లో ఆమోదించింది. బిడ్డకు ముందు స్వదేశంలో ఇల్లు వెదకాలి, ఎక్కడా బిడ్డ మీద బేరం జరగకూడదు అన్నవి ఆ ఒప్పందంలోని ముఖ్య నియమాలు.

ఈ నియమాలు ఉన్నా మన రాష్ట్రంలోనే ఏమి జరిగిందో పెద్దవారికి జ్ఞాపకం ఉండవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లోను, మళ్లీ 2001లోను హైదరాబాదు దత్తత సంస్థల వ్యవహారం బయటపడింది. తెలంగాణ పల్లెల్లో, ముఖ్యంగా లంబాడా తండాలలో, పేద తల్లుల నుంచి ఆడశిశువులను మధ్యవర్తులు కొద్ది డబ్బుకు కొని సంస్థలకు చేరుస్తున్నారని తెలిసింది. అరెస్టులు, కేసులు జరిగాయి. 2001లో తల్లిదండ్రులు నేరుగా సంస్థలకు బిడ్డలను అప్పగించడాన్ని ప్రభుత్వం నిషేధించింది. చాలామంది శిశువులను ప్రభుత్వ శిశువిహార్‌కు మార్చారు. అప్పటికే బిడ్డ ఫోటో చేతికి అంది, పేరు కూడా పెట్టుకొని, అమెరికా వంటి దేశాలలో ఎదురు చూస్తున్న కుటుంబాలు కోర్టుల చుట్టూ తిరగవలసి వచ్చింది. కొందరి నిరీక్షణ ఏళ్ల తరబడి సాగింది.

కొందరు త్వరపడి డబ్బుతో దారి కొన్నారు. దాని వెల కట్టింది బిడ్డను పోగొట్టుకున్న తల్లులు, ఏ తప్పూ చేయని దంపతులు, అందరికంటే ఎక్కువగా ఇల్లు లేకుండా పెరిగిన పిల్లలు. ఈ రోజు మన ఫైలు నెమ్మదిగా నడవడానికి ఆ త్వరపాటే ఒక కారణం.

కాలం ఎక్కడెక్కడ పడుతుంది?

చాలామంది "ఆన్‌లైన్‌లో పేరు ఎక్కించాము, ఇంకా బిడ్డ రాలేదు" అని బాధపడుతుంటారు. మెట్లు తెలిస్తే కొంత ఊరట కలుగుతుంది.

1. బిడ్డ చట్టప్రకారం 'విముక్తుడు' కావాలి. తల్లి అప్పగించిన బిడ్డ అయితే ఆమె మనసు మార్చుకోవడానికి 60 రోజుల గడువు ఉంది. దొరికిన బిడ్డ అయితే తల్లిదండ్రుల కోసం విచారణ చేస్తారు. రెండేళ్ల లోపు బిడ్డకు రెండు నెలలు, ఆ పైన నాలుగు నెలలలో బాలల సంక్షేమ సమితి తీర్పు చెప్పాలి.

2. స్వదేశీ కుటుంబాలకు మొదటి అవకాశం. విముక్తి ప్రకటించిన 60 రోజులలో ఎవరూ ముందుకు రాకపోతేనే బిడ్డ విదేశీ దత్తతకు అర్హుడవుతాడు. వైకల్యం ఉన్న పిల్లలకు, అన్నదమ్ములు అక్కచెల్లెళ్లుగా కలిసి ఉన్నవారికి, ఐదేళ్లు దాటినవారికి విదేశీ దత్తతలో ప్రాధాన్యం ఇవ్వవచ్చు.

3. దంపతుల ఇంటి పరిస్థితిపై నివేదిక, అంటే హోమ్ స్టడీ. విదేశంలో ఉన్నవారు అక్కడి గుర్తింపు పొందిన సంస్థ ద్వారా గాని, సంబంధిత ప్రభుత్వ అధికారుల ద్వారా గాని ఇది చేయించాలి.

4. బిడ్డ వివరాలు రావడం, అంగీకారం, రెండు దేశాల అనుమతి పత్రాలు, కారా ఇచ్చే నిరభ్యంతర పత్రం.

5. దత్తత ఉత్తర్వు. 2022 సెప్టెంబరు 1 నుంచి ఈ ఉత్తర్వును కోర్టుకు బదులు జిల్లా కలెక్టరు ఇస్తున్నారు. ఇందుకు రెండు నెలల గడువు ఉంది.

6. కొత్త పుట్టుక పత్రం, పాస్‌పోర్టు, వీసా.

భారత పాస్‌పోర్టు ఉంచుకున్న ప్రవాసులకు ఇక్కడ ఉన్నవారితో సమానమైన వరుస ఉంటుంది. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు విదేశీ దత్తత దారిలో రావాలి. ఏ వరుసలో ఉన్నామో తెలియక పొరుగువారితో పోల్చుకొని బాధపడేవారు ఎందరో.

2024-25లో దేశం మొత్తం మీద 4,515 మంది పిల్లలు దత్తత ఇళ్లకు చేరారు. అందులో 4,155 మంది దేశంలోని కుటుంబాలకే వెళ్లారు. ఎదురు చూసే దంపతులు దీనికి ఎన్నో రెట్లు ఉన్నారు. ఆరోగ్యంగా ఉన్న చంటిబిడ్డే కావాలంటే ఏళ్లు పట్టడానికి ఇది ముఖ్య కారణం. ఎవరో మన ఫైలును తొక్కిపెట్టారని అనుకోనవసరం లేదు.

అయితే కార్యాలయాల వల్ల జరిగే జాప్యం లేదని కూడా మేము అనము. కారా అనుమతి ఇచ్చిన తరువాత కూడా, సుమారు పదేళ్ల అనాథ బాలికను దత్తత తీసుకోదలచిన ఒక అమెరికా మహిళకు 2010లో ఢిల్లీ కింది కోర్టు, 2012లో హైకోర్టు కాదన్నాయి. 2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అవునన్నది. ఎదిగే ఆడపిల్ల జీవితంలో ఆ రెండున్నర ఏళ్లు చిన్నవి కావు. 2022లో అధికారం కోర్టుల నుంచి కలెక్టర్లకు మారినప్పుడు సగంలో ఉన్న కేసులు మళ్లీ మొదటికి వస్తాయేమోనని తల్లిదండ్రులు భయపడ్డారు. 2023 నవంబరులో సుప్రీంకోర్టు ప్రతి జిల్లాలో ప్రత్యేక దత్తత సంస్థ ఉండాలని, సంరక్షణ గృహాలలోని పిల్లలలో దత్తతకు అర్హులైన వారిని గుర్తించాలని రాష్ట్రాలను ఆదేశించింది.

ఇతర దేశాలలోనూ ఇటువంటి బాధలున్నాయి. 2013 సెప్టెంబరులో కాంగో ప్రభుత్వం దత్తత పూర్తయిన పిల్లలకు కూడా దేశం దాటే అనుమతి నిలిపివేసింది. 2024 సెప్టెంబరులో చైనా, బంధువుల దత్తత వంటివి తప్ప, విదేశీ దత్తతలను ముగించినట్లు ప్రకటించింది. బిడ్డ ఖరారై ఎదురు చూస్తున్న కుటుంబాలు అక్కడా ఉన్నాయి.

క్రైస్తవ కుటుంబాలకు ఒక మాట

1956 నాటి హిందూ దత్తత చట్టం మనకు వర్తించదు. అందుచేత చాలాకాలం క్రైస్తవులు 1890 నాటి చట్టం కింద సంరక్షకులుగా మాత్రమే ఉండగలిగారు. బాలల న్యాయ చట్టం ఆ తలుపు తెరిచింది. ఏ మతం వారైనా ఈ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఈ దారిలో వచ్చిన బిడ్డకు కన్నబిడ్డకు ఉన్న హక్కులన్నీ ఉంటాయి. కాబట్టి సంఘ పెద్దల ఎదుట స్టాంపు కాగితం మీద వ్రాసుకుంటే దత్తత అయిపోయినట్టే అనుకోవద్దు. ఆ కాగితంతో పాస్‌పోర్టు, వీసాల దగ్గర బిడ్డ ఆగిపోతుంది.

అన్న బిడ్డను, చెల్లెలి బిడ్డను విదేశంలో ఉన్న తోబుట్టువులు తీసుకోవడం మన ఇళ్లలో మామూలే. చట్టం ప్రకారం బంధువు అంటే చిన్నాన్న పెదనాన్నలు, మేనత్తలు, మేనమామలు, పిన్ని పెద్దమ్మలు, ఇరువైపుల అవ్వాతాతలు మాత్రమే. అటువంటి దత్తతకు కూడా కన్నవారి సమ్మతి, ఐదేళ్లు దాటిన బిడ్డ సమ్మతి, కుటుంబ నేపథ్య నివేదిక, కారా అనుమతి, కలెక్టరు ఉత్తర్వు అవసరం. హిందూ చట్టం కింద దత్తత చేసుకొని బిడ్డను విదేశానికి తీసుకువెళ్లాలనుకునే వారికి 2021 సెప్టెంబరులో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. వారు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో విచారించాలి.

మన చేతిలో ఉన్నది: కాగితాలు

మన ప్రాంతం సరిహద్దు ప్రాంతం. కాపురం హొళగుందలో, కాన్పు సిరుగుప్పలోనో బళ్లారిలోనో. పుట్టుక పత్రం కన్నడంలో, ఆధారు తెలుగులో, బడిలో ఇంకో పేరు. బంధువుల బిడ్డను తీసుకునేటప్పుడు ఈ తేడాలే నెలలు తింటాయి. కొన్ని జాగ్రత్తలు:

– పుట్టుకను 21 రోజులలో నమోదు చేయించండి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు స్థాయి ఉత్తర్వు అవసరమవుతుంది.

– ఆసుపత్రిలో చేరేటప్పుడే తల్లి పేరు, ఇంటిపేరు ఆధారులో ఉన్నట్లు చెప్పండి. డిశ్చార్జి అయ్యేలోపు సరిచూసుకోండి.

– బాప్తిస్మము పేరు ఒకటి, బడి పేరు ఒకటి ఉంటే ముందే ఒకటిగా చేయించండి.

– పెండ్లి గుడిలో జరిగితే రిజిస్టరు నకలు, వివాహ పత్రము సిద్ధంగా ఉంచుకోండి.

– హోమ్ స్టడీ గడువు, పాస్‌పోర్టు గడువు ఒక కాగితం మీద వ్రాసి బీరువా తలుపుకు అంటించండి. గడువు దాటితే మళ్లీ చేయించాలి.

– ఏ కార్యాలయానికి పోయినా తేదీ, ఎవరిని కలిశారు, ఏమి చెప్పారు అన్నది ఒకే నోటు పుస్తకంలో వ్రాయండి. అర్జీ ఇస్తే రసీదు తీసుకోండి. ఆదోని మీదుగా కర్నూలుకు ఊరికే తిరగడం కంటే ఒక్క రసీదు ఎక్కువ పని చేస్తుంది.

బిడ్డ వైద్యం ఫైలు కోసం ఆగకూడదు

నర్సులుగా మాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇది. విదేశీ దత్తతకు వెళ్లే పిల్లలలో వైద్యం అవసరమైనవారు ఎక్కువ. గ్రహణం మొర్రి ఉన్న బిడ్డకు పెదవి ఆపరేషను తొలి నెలలలోనే, అంగిలి ఆపరేషను ఏడాది ఏడాదిన్నర లోపే జరిగితే మాట బాగా వస్తుంది. వంకర పాదాలకు పుట్టిన కొద్ది వారాలలోనే కట్లు మొదలుపెడితే చాలామందికి పెద్ద ఆపరేషను అవసరం ఉండదు. "కొత్త తల్లిదండ్రులు అమెరికాలో చేయించుకుంటారులే" అని ఆగితే ఆ సమయం తిరిగి రాదు. దత్తత నడుస్తుండగానే ప్రభుత్వ పథకాల కింద వైద్యం చేయించవచ్చు. బంధువుల బిడ్డ విషయంలో కన్నవారు, సంస్థలోని బిడ్డ విషయంలో సంస్థవారు ఈ బాధ్యత మరువకూడదు.

బిడ్డ వివరాలు వచ్చిన తరువాత ఇక్కడివారికి నిర్ణయానికి 48 గంటలే ఉంటాయి. వైద్య నివేదికలో ఉన్న మాటలు చూసి కంగారుపడవద్దు. మా వద్దకు తెచ్చుకోండి. బరువు, తల చుట్టుకొలత, రక్త పరీక్షలు ఏమి చెబుతున్నాయో కూర్చొని వివరిస్తాము. చికిత్సతో బాగుపడే లోపానికి, జీవితాంతం తోడు అవసరమయ్యే లోపానికి తేడా తెలిస్తే నిర్ణయం భయంతో కాక తెలివితో తీసుకోవచ్చు.

ఎదురు చూసేవారి ఆరోగ్యం

గర్భిణికి తొమ్మిది నెలలని లెక్క ఉంటుంది. దత్తత తల్లికి ఆ లెక్క లేదు. తేదీ తెలియని నిరీక్షణ మనసును ఎక్కువగా అలసటపెడుతుంది. నిద్ర పట్టకపోవడం, ఆకలి తగ్గడం, చంటిబిడ్డలున్న ఇంటికి పోవడానికి ఇష్టపడకపోవడం, భార్యాభర్తలు ఒకరినొకరు తప్పుపట్టుకోవడం కనబడతాయి. ఇవి రెండు వారాలకు మించి ఉంటే డాక్టరుగారికి చెప్పండి. ఇది విశ్వాసం లేకపోవడం కాదు. జ్వరం వచ్చినవారికి విశ్వాసం లేదని మనం అనము కదా.

మేము ఇచ్చే సలహాలు కొన్ని. వారంలో ఒక్క రోజే ఫైలు సంగతి చూడండి. మిగతా రోజులు ఫోను పదేపదే తెరవవద్దు. భర్త కూడా దుఃఖపడుతున్నాడని భార్య, భార్య మాటిమాటికీ అడిగేది అనుమానంతో కాదని భర్త తెలుసుకోవాలి. బి.పి., షుగరు మాత్రలు మానవద్దు. బిడ్డ వచ్చేనాటికి ఓపిక కావాలి. ఆదివారం బడిలో పిల్లలతో గడపండి. పెద్ద బిడ్డను లేక వైద్యం అవసరమైన బిడ్డను తీసుకోగలమా అని నిజాయితీగా మాట్లాడుకోండి. చేయలేమనిపిస్తే అదీ తప్పు కాదు.

సంఘస్థులకు ఒక మనవి. ఆరాధన ముగిసిన వెంటనే మెట్ల మీద నిలబెట్టి "ఇంకా రాలేదా?" అని అడగవద్దు. వారికి చెప్పేందుకు ఏమీ ఉండదు. ఆ ప్రశ్నకు భయపడి గుడికి రావడం మానేసినవారు ఉన్నారు. వారి పేరు ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి. కర్నూలుకు పోయే రోజు ఇంట్లో ముసలివారిని చూసుకోండి. అది చాలు.

బిడ్డ వచ్చిన తరువాత కూడా ఓర్పు కావాలి. తిండి దాచుకోవడం, రాత్రి ఉలిక్కిపడడం, అసలు ఏడవకపోవడం, ఎవరు పిలిచినా పోవడం కొన్నాళ్లు ఉండవచ్చు. మొదటి వారాలలో ఊరంతా ఎత్తుకోకుండా తల్లిదండ్రులే అన్నం పెట్టి, స్నానం చేయించి, పడుకోబెట్టాలి. రక్తహీనత, నులిపురుగులు, క్షయ, హెపటైటిస్-బి పరీక్షలు, టీకాల లెక్క చూపించుకోవాలి.

బిడ్డను పెంచలేని తల్లికి, అడ్డదారి అడిగేవారికి

మా వార్డులో ఏ తల్లి అయినా "నేను పెంచలేను" అంటే మేము ఆమెను తిట్టము, ఆమె బిడ్డను ఎవరికీ చేతిలో పెట్టము. ముందు ఆమె బాధ వింటాము. బలవంతమేదైనా ఉందా, సాయం చేస్తే పెంచగలదా అని కనుక్కుంటాము. తరువాత బాలల సంక్షేమ సమితికి తెలియజేస్తాము. అక్కడ ఆమె వివరాలు గోప్యంగా ఉంటాయి. 60 రోజుల లోపు ఆమె తిరిగి బిడ్డను అడగవచ్చు. కాన్పు నొప్పి, అవమానం, ఇంట్లోవారి ఒత్తిడి మధ్య తీసుకున్న నిర్ణయాన్ని కొన్ని వారాల తరువాత మార్చుకున్న తల్లులు ఉంటారు. ఆ 60 రోజులు అమెరికాలో ఎదురు చూసేవారికి ఆలస్యంగా కనబడతాయి. ఆ తల్లికి అవి ఊపిరి తీసుకునే సమయం.

బిడ్డను అమ్మినా, కొన్నా ఐదేళ్ల వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల జరిమానా ఉంది. బిడ్డ బాధ్యత చేతిలో ఉన్న ఆసుపత్రి, నర్సింగ్ హోము సిబ్బంది చేస్తే శిక్ష మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు ఉంటుంది. శిక్షకు భయపడి మాత్రమే మేము కాదనడం లేదు. కొనుక్కున్న బిడ్డకు చెప్పడానికి నిజమైన కథ ఉండదు. పెద్దయ్యాక "నేను ఎవరి బిడ్డను?" అని అడిగినప్పుడు చూపడానికి కాగితం ఉండదు. సరైన దారిలో వచ్చిన బిడ్డకు ఆలస్యంగానైనా పేరు, హక్కు, కథ మూడూ దొరుకుతాయి.

కాబట్టి మా కాన్పు వార్డులో బిడ్డను అడిగేవారికి మేము ఇచ్చేది ఒకే చిరునామా: కర్నూలులోని జిల్లా బాలల సంరక్షణ విభాగం. దిక్కులేని బిడ్డ ఎక్కడ కనబడినా 1098కు ఫోను చేయండి. దరఖాస్తు ఎలా నింపాలో, ఏ కాగితాలు కావాలో తెలియనివారు మా నర్సులను అడగవచ్చు. చదవడం రాని పెద్దవారికి మేమే చదివి చెబుతాము.

ఎదురు చూస్తున్న ప్రతి ఇంటికి ఓర్పును, ఎదురు చూస్తున్న ప్రతి బిడ్డకు త్వరగా ఒక ఇంటిని ప్రభువు దయచేయును గాక.